తీగ వాళ్లది, తిప్పలు మనవి

(ఉద్యోగులు, విద్యార్థులు కూడిన సభలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్ముల ఫోను లైన్ల గురించి మాట్లాడమన్నరు. మేం ఇంజనీర్లం కాదు. డిగ్రీ చదివి, ఉద్యమాలల్ల తిరిగి, పత్రికల పని చేసుకుంటున్నోళ్లం. వార్త పంపాలన్నా లైనే, ఫొటో పంపాలన్నా లైనే. లైను పోయిన్నాడు చేతులు కట్టుకొని కూసునుడే. అందుకని లైను గురించి నేర్చుకోక తప్పలె.

ముందుగాల ఒక ప్రశ్న అడుగుతం. ఈ ఏడాది కాలంల ఇంట్ల ఫోను గాని, ఇంటర్నెట్ గాని మూడు రోజులకు మించి బందైనోళ్లు చేతులెత్తుండ్రి. చాలు, చాలు, దించుండ్రి. సగానికి పైనే ఉన్నరు. ఇప్పుడు ఇంకొకటి. ఆ బందైన రోజుల పైసలు బిల్లుల తగ్గించుకున్నోళ్లు ఎంతమంది? ఒక్కరు. అన్నా, మీరేం పని చేస్తరు? వకీలా! గదీ సంగతి.

ఈ రెండు లెక్కల నడుమ ఎంత తేడా ఉన్నదో చూసిన్రు కదా. ఇయ్యాల మేం చెప్పే ముచ్చటంత ఆ తేడా గురించే.

పాత లైను సంగతి ముందు చెప్తం. రాగి తీగలు రెండు. ఎక్స్చేంజి నుంచి మీ ఇంటిదాక జంటగ వస్తయి. ఎక్స్చేంజిల బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ జంట మీద ఎప్పటికీ ఉంటది. అందుకే ఊర్ల కరెంటు పోయినా పాత ఫోను మోగేది. లావు కేబులు భూమిల నుంచి రోడ్డు పక్క పిల్లర్ డబ్బాకు వస్తది, అక్కడి నుంచి సన్న కేబులు గల్లీల స్తంభం మీది డీపీ డబ్బాకు, డీపీ నుంచి డ్రాపు వైరు మీ కిటికీ సందుల నుంచి లోపలికి. గోడ మీద చిన్న తెల్ల రోసెట్ డబ్బల ఖతం. ఇన్ని చోట్ల అతుకులు. వానకాలం ఏ అతుకుల తడి చేరినా చెవుల గరగర. రాగికి పచ్చ చిలుము పట్టినా గరగర.

మా నాయినల తరమోళ్లు దీన్ని ఎట్ల పట్టుకునేటోళ్లంటే, ఫోను తీస్కపోయి నేరుగ రోసెట్ల తగిలించి వినేటోళ్లు. అక్కడ టోన్ వస్తే తప్పు మన ఇంట్ల ఉన్నట్టు. రాకపోతే బయట ఉన్నట్టు. ఇంట్లదైతే కంప్లైంటు ఎందుకు? బ్లేడుతోటి తీగ గీకి, తళతళ మెరిసేదాక తుడిచి, మెలిపెట్టి, మీద టేపు చుట్టి, టేపు మీద పాల ప్యాకెట్ కవర్ కట్టేటోళ్లు. మెలిపెట్టేటప్పుడు సరిగ్గ అదే టైముకు ఎవలన్న ఫోన్ చేసిన్రంటే 75 వోల్టుల గంట కరెంటు వేళ్లకు జుమ్మని తగిలేది. తగిలినాయన తీగ ఇడిసిపెట్టి, వేళ్లు దులుపుకుంట, 'లైను మంచిగైందిరా' అని నవ్వేటోడు.

ఆ కాలం బంగారు కాలమని మేం చెప్తలేం. ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏండ్లకేండ్లు ఎదురుచూసిన దేశం మనది. ముందే పెద్ద డిపాజిట్ కడితే తొందరగ ఇస్తమని ఒక పథకం పెట్టిన్రు, దాంట్ల కూడ క్యూనే. లైన్మన్ వస్తే చాయ్ పొయ్యాలె, దసరాకు మామూలు ఇయ్యాలె. 1984ల సీడాట్ పెట్టి, ఊర్లకు పనికొచ్చే చిన్న ఎక్స్చేంజిలు తయారు చేసినంకనే పల్లెకు డయల్ టోన్ వచ్చింది. తర్వాత పసుపు రంగు ఎస్టీడీ బూతులు వచ్చినయి. 1995ల సెల్ ఫోన్ వచ్చింది. 2000 అక్టోబర్ 1న టెలికం శాఖ నడిపే సర్వీసులను బీఎస్ఎన్ఎల్ అనే కంపెనీ చేసిన్రు. శాఖ ఉన్నప్పుడు మనం ప్రజలం. కంపెనీ అయినంక కస్టమర్లమైనం. మాట మారితే ఏమైతది అనుకున్నం. చానా అయింది.

ఒక్క తారీఖు యాది పెట్టుకోండ్రి. 2020 జనవరి 31. ఆ ఒక్క దినం బీఎస్ఎన్ఎల్ నుంచి సుమారు 78 వేల మంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకొని బయటికి పోయిన్రు. ఉన్న సిబ్బందిల సగం మంది. జీతాలు నెలలకు నెలలు ఆగిపోయి ఉన్న సంస్థల 'స్వచ్ఛంద' అనే మాటకు అర్థం ఏందో ఈడున్న ఉద్యోగులకు మేం చెప్పేది లేదు. పోయినోళ్లల్ల ఏ డీపీల ఎన్నో నంబరు జంట ఎవలింటిదో నోటికి చెప్పే మనుషులున్నరు. ఏ చింతచెట్టు కింద కేబులు ఎంత లోతుల ఉన్నదో తెలిసినోళ్లున్నరు. అది ఏ రికార్డుల లేదు. వాళ్ల తలకాయలల్ల ఉండె, వాళ్లతోటే ఇంటికి పోయింది.

ప్రైవేటు కంపెనీల కథ వేరే. అక్కడ చానా మటుకు లైను చూసుకునే మనిషి కంపెనీ మనిషే కాదు. కంపెనీ కింద కాంట్రాక్టరు, కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు, వాని కింద బైకు మీద తిరిగే పిల్లగాడు. మనం ఫోన్ చేసేది ఇంకో రాష్ట్రంల ఉన్న కాల్ సెంటర్‌కు. వాళ్లకు మన గల్లీ తెల్వదు. ఈ పిల్లగానికి కాల్ సెంటర్ తెల్వదు. నడుమ ఉన్నది ఒక కంప్లైంటు నంబరు.

ఇగ మా కాలనీ సంగతి. కంపెనీ పేరు చెప్పం. పేరు చెప్తే అది ఆ ఒక్క కంపెనీ గుణమనుకుంటరు, మీ కంపెనీ మంచిదనుకుంటరు.

2022 జూలై. ఆ నెల వానలు మీకు యాదికే ఉంటయి. మా గల్లీల ఏదో పైపు కోసం జేసీబీ పెట్టి తవ్విన్రు. పొద్దున తొమ్మిది గంటలకు 26 ఇండ్లల్ల ఒక్కసారే ఇంటర్నెట్ పోయింది, దాని మీద నడిచే ల్యాండ్‌లైను కూడ పోయింది. ప్రతి ఇంట్ల డబ్బా మీద ఒకటే ఎర్ర లైటు. ఫోన్ చేస్తే 24 గంటలల్ల అన్నరు. తెల్లారి, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని మెసేజ్ వచ్చింది. ఎర్ర లైటు అట్లనే ఉన్నది. మళ్ల కంప్లైంటు, మళ్ల కొత్త నంబరు, మళ్ల 'పరిష్కరించబడింది'. పదకొండు రోజులల్ల నాలుగు సార్లు మా లైను కాగితం మీద బాగైంది.

ఆ పదకొండు రోజుల గోస ఏందో చెప్పాలె. మా పక్కింటి చెల్లె ఇంట్ల నుంచే పనిచేసే ఉద్యోగి. లైను లేకుంటే ఆ దినం జీతం లేదు. నాలుగు రోజులు సెల్ ఫోన్ డేటాతోటి ఈదింది, తర్వాత వాళ్ల ఆఫీసోళ్లే లీవు రాసిన్రు. ఇంకో ఇంట్ల డిగ్రీ అయిపోయిన తమ్ముడు, పై చదువు దరఖాస్తుకు ఆఖరి తారీఖు. వానల మూడు కిలోమీటర్లు పోయి నెట్ సెంటర్ల కూసొని నింపిండు. ఇంకో ఇంట్ల మంచం మీదున్న పెద్దమనిషి, దవాఖానకు ఫోన్ చేసేది ల్యాండ్‌లైను నుంచే, ఆయనకు సెల్ చెవికి ఆనదు. కంపెనీ దగ్గర ఇవన్నీ కలిపి ఒక్క టికెట్ నంబరు.

ఎనిమిదో రోజు మా గల్లీల ఉండే ఒక రిటైర్డ్ లైన్మన్ బాపు కట్టె పట్టుకొని బయటికొచ్చిండు. ఆయనకు రాగి తెలుసు, గాజు తెల్వదు. కానీ ఆయన అడిగిన ప్రశ్న ఇంతవరకు ఏ కాల్ సెంటర్ అడగలె. 'అందరికీ ఒకేసారి పోయిందా, ఒక్కొక్కరికా?' ఒకేసారే బాపూ అన్నం. 'అయితే మీ ఇండ్లల్ల తప్పు లేదు. 26 మందికి కలిసి వచ్చే తీగ ఒక్కటుంటది, అది యాడ తెగిందో చూడుండ్రి' అన్నడు.

ఈడ కొత్త లైను ముచ్చట కొంచెం చెప్పుకోవాలె. ఇప్పుడొచ్చేది రాగి కాదు, గాజుపోగు. మనిషి వెంట్రుక కన్న కొంచెం లావు, అంతే. 125 మైక్రాన్లు. దాని నడుమ 9 మైక్రాన్ల దారిల వెలుగు పోతది. కంపెనీ దగ్గరి యంత్రం నుంచి ఒక్క పోగు బయల్దేరి, దారిల చిన్న డబ్బాల 8, 16, 32 పాయలుగ చీలి, ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంటికి పోతది. అందుకే ఒక్క తెగుడుకు గల్లీ మొత్తం చీకటి. మన ఇంటి డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నకాడ ఎర్ర లైటు వచ్చిందంటే వెలుగు అందుతలేదని అర్థం. ఆ ఎర్ర లైటు ఒక్క ఇంట్లనే వచ్చిందా, ముందు ఇంట్ల చూసుకోండ్రి. సోఫా వెనుక తీగ గట్టిగ మడత పడ్డదేమో. గాజు తెగకున్నా, గట్టిగ మడిస్తే వెలుగు బయటికి కారిపోతది. మరీ సన్నగ చుట్ట చుట్టొద్దు. డబ్బా వెనుక కనెక్టర్ల దుమ్ము పట్టినా అంతే. నూలు పోగులు రాలని మెత్తటి గుడ్డతోటి తుడిచి, మళ్ల టిక్కుమనేదాక గుచ్చుండ్రి. సగం కంప్లైంట్లు ఆడనే తీరుతయని మా అనుభవం.

ఒక్క హెచ్చరిక. తీగ కొసను కంటికి ఎదురుగ పెట్టి చూడొద్దు. దాంట్ల వచ్చేది లేజర్ వెలుగు, కంటికి కనపడదు. కనపడతలేదంటే లేదని కాదు.

మా గల్లీల ఏం చేసినమంటే, తొమ్మిదో రోజు జేసీబీ తవ్విన గుంత పొంట నడుచుకుంట పోయినం. బురదల కేబులు కొసలు రెండు దొరికినయి, మనిషి నిలువెత్తు దూరంల. గాజును మెలిపెడితే అతకదు. రెండు కొసలను అడ్డంగ నున్నగ కోసి, ఎదురెదురుగ పెట్టి, కరెంటు మెరుపుతోటి కరిగించి అంటించే యంత్రం ఒకటుంటది. స్ప్లైసింగ్ మిషన్ అంటరు. పక్క కాలనీల కేబుల్ టీవీ నడిపే తమ్ముని దగ్గర అది ఉన్నది. కొసలు ఒకదానికొకటి అందుతలేవు కాబట్టి నడుమ ముక్క వెయ్యాలె. అంటే రెండు అతుకులు. ముక్క కేబులు, అతుకు డబ్బా, తమ్ముని కూలి, అన్నీ కలిపి 2,600 రూపాయలు. ఇంటికి వంద.

వాన తెరిపియ్యలె. పదకొండో రోజు సాయంత్రం నలుగురం గొడుగులు పట్టినం, తమ్ముడు ప్లాస్టిక్ స్టూలు మీద మిషన్ పెట్టి అతుకేసిండు. బాపు గుంత ఒడ్డున నిలబడి చూసిండు. ఆఖరుకు ఆయన అన్నది ఒక్కటే మాట, 'తడి పోకుంట డబ్బా గట్టిగ బిగించు బిడ్డా, రాగైనా గాజైనా నీళ్లే శత్రువు.' కాసేపటికి ఇంట్లకెల్లి చెల్లె అరుపు, పచ్చ లైటొచ్చిందని.

చప్పట్లు వద్దు. అసలు కథ ఈడ మొదలైతది.

రెండు రోజులకు కంపెనీ తరఫున ఒకాయన వచ్చిండు. అతుకు డబ్బా చూసి, 'ఎవలు ముట్టుకున్నరు? టెలిగ్రాఫ్ చట్టం కింద కేసైతది' అన్నడు. పదకొండు రోజులు రాని మనిషి కేసు పెట్టెతందుకు వచ్చిండు. మేం పత్రికోళ్లం కదా, ఆ రాత్రి చట్టం తీసి చదివినం. 1885 నాటి చట్టం, సెక్షన్ 25. లైనును చెడగొడితే, ముట్టుకుంటే, మూడేండ్ల దాక జైలు. నిజమే, ఉన్నది. కానీ అదే సెక్షన్ల ఉద్దేశం అనే మాట కూడ ఉన్నది. వార్త పోకుంట ఆపాలని, దొంగచాటుగ వినాలని, నష్టం చెయ్యాలని ముట్టుకున్నోనికి ఆ శిక్ష. తెగిన లైనును అతికినోళ్లకు ఆ మాటలల్ల ఏదీ అంటదు. ఆయనకు ఆ సెక్షన్ జిరాక్స్ తీసి ఇచ్చినం. మళ్ల కేసు మాట ఎత్తలె. చట్టం పేరు చెప్పి భయపెట్టేటోళ్లల్ల ఎక్కువ మంది ఆ చట్టం చదివి ఉండరని మాకు చానా ఏండ్ల నుంచి అనుమానం.

నెలాఖరుకు బిల్లు వచ్చింది. మొత్తం నెలది. ఒక్క రూపాయి తగ్గలె.

ఈడ ఉద్యోగ మిత్రులు జర చెవి పెట్టి వినాలె. టెలికం నియంత్రణ సంస్థ, ట్రాయ్ అంటం కదా, 2006లనే బ్రాడ్‌బ్యాండ్‌కు నిబంధన పెట్టింది. చెడిపోయిన లైను మూడు పని దినాలు దాటినా బాగుచెయ్యకుంటే ఏడు రోజుల అద్దె తగ్గించాలె. ఏడు దాటితే పదిహేను రోజులది. పదిహేను దాటితే నెలది. ల్యాండ్‌లైనుకు 2009ల ఇసొంటిదే పెట్టిన్రు. మేం అడిగినప్పుడు అమలుల ఉన్నవి ఇవే. 2024ల ఇవన్నీ కలిపి కొత్త నిబంధనలు తెచ్చిన్రు, ఆ ఏడు అక్టోబర్ నుంచి అమలు. ఇప్పుడు దరఖాస్తు రాసేటోళ్లు కొత్త వాటిని చూసుకొని రాయండ్రి.

ఎట్ల అడగాలె అన్నది 2012 నిబంధనలల్ల ఉన్నది. మొదట కంప్లైంటు సెంటర్. వాళ్లు నంబరు ఇయ్యాల్సిందే. అక్కడ న్యాయం కాకుంటే అదే కంపెనీల అప్పీలు అధికారి ఉంటడు. అప్పీలుకు 30 రోజుల గడువు. ఆయన 39 రోజులల్ల తేల్చాలె. మా గల్లీల 26 ఇండ్లకు 14 ఇండ్లోళ్లు అప్పీలు పెట్టినం. మిగిలినోళ్లు, మూడు నాలుగు వందల కోసం ఎవడు తిరుగుతడు అన్నరు. కంపెనీ నడిచేది ఆ మాట మీదనే. పద్నాలుగుల పదకొండు మందికి పదిహేను రోజుల అద్దె తగ్గింది. ముగ్గురికి రాలె. ఎందుకంటే వాళ్లు కంప్లైంటు నంబరు రాసిపెట్టుకోలె, మెసేజ్ తీసేసిన్రు. కాబట్టి నంబరు గోడ క్యాలెండర్ మీద రాయండ్రి, పాలలెక్క రాసినట్టు.

ఇంకో సంగతి. 2009ల సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. టెలిఫోన్ తగాదాలకు టెలిగ్రాఫ్ చట్టంల మధ్యవర్తి ఏర్పాటు ఉన్నది కాబట్టి వినియోగదారుల కోర్టుకు పోవుడు కుదరదని. ఆ మధ్యవర్తిని పెట్టేది కేంద్ర సర్కారు. ఫోను బిల్లు గురించి సామాన్యుడు అంతదూరం పోయేనా? ఆ తీర్పు పట్టుకొని కంపెనీలు పదేండ్లకు పైగ జిల్లా ఫోరాలల్ల మన కేసులు కొట్టేయమని వాదించినయి. 2022 ఫిబ్రవరిల అదే సుప్రీంకోర్టు, పోవచ్చు, ఆ తలుపు మూసిలేదు అని చెప్పింది. 2023ల వచ్చిన కొత్త టెలికం చట్టంల కూడ వినియోగదారుల చట్టం కింద ఉన్న హక్కు ఎటూ పోదని రాసిన్రు. కానీ మన దగ్గర ఇప్పటికీ 'ఫోనోళ్ల మీద కేసు చెల్లదట' అనేటోళ్లున్నరు. ఆ పాత మాట మీ నోట్ల ఉంటే ఇయ్యాల ఊంచేయండ్రి.

అధ్యక్షులవారు చీటీ పంపిన్రు. పది నిమిషాలట. సరే.

కొంతమంది మిత్రులు మమ్ముల అడుగుతున్నరు, ఇదంతా ఎందుకు, మనమే ఒక మిషన్ కొనుక్కొని మన లైన్లు మనమే చూసుకుంటే అయిపాయె కదా అని. ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాల టెలిఫోన్ మీద బెల్ పేటెంట్లు 1893, 94లల్ల ముగిసినయి. దూరందూరం ఉన్న పొలాలకు తీగ గుంజితే గిట్టుబాటు కాదని బెల్ కంపెనీ రైతులను పట్టించుకోలె. రైతులు ఏం చేసిన్రు? పొలం చుట్టు ముళ్లకంచె ఉన్నది, ఇనుప తీగనే కదా. దానికే ఫోన్లు తగిలిచ్చిన్రు. గుంజల దగ్గర కరెంటు కారకుంట సీసాల మెడలు పెట్టిన్రు. ఎవల పొలం పొంట తెగితే వాళ్లే కట్టుకునేటోళ్లు. ఒకలకు మోగితే లైను మీదున్న అందరికీ మోగేది, కాబట్టి ఇంటికో తీరు గంట. గంట ఎవలదైనా ఫోను మాత్రం అందరూ ఎత్తి వినేటోళ్లట. అది ఏ దేశమైనా అంతే.

దగ్గరి కాలంల ఇంగ్లండ్‌ల లాంకషైర్ పల్లెలున్నయి. కంపెనీలు గిట్టుబాటు కాదన్నకాడ 2011ల ఊరోళ్లు సొంత సంఘం పెట్టుకున్నరు, బీ ఫర్ ఆర్ ఎన్ అని పేరు. వాటాలు వేసుకున్నరు, రైతులు పొలాల నుంచి దారి ఉత్తగనే ఇచ్చిన్రు, ఊరోళ్లే కందకాలు తవ్విన్రు, గాజుపోగు అతుకుడు నేర్చుకున్నరు. ఇయ్యాల వేల ఇండ్లకు అది నడుస్తున్నది.

అయితే ఈడ ఒక తేడా చూడాలె. ఆ రైతులు అతికింది వాళ్ల తీగ. లాంకషైర్‌ల అతికింది వాళ్ల సంఘం తీగ. మా గల్లీల మేం అతికింది కంపెనీ తీగ. దాని మీద అద్దె కంపెనీకి పోతది. మా 2,600తోటి కంపెనీ ఆస్తి బాగుపడ్డది. ఆ అతుకు మీద ఇయ్యాల్టికీ కంపెనీ నెలనెలా 26 బిల్లులు వసూలు చేస్తున్నది. ఇట్ల మనం తయారైతే ఆ మిగిలిన ఒక్క పిల్లగాన్ని కూడ కంపెనీ తీసేస్తది. 'మీ కాలనీల మస్తు హుషారైనోళ్లున్నరు' అని మెచ్చుకుంటది. మెచ్చుకుంటే పైసలు ఖర్చు కావు.

అందుకని మా గల్లీల ఒక లెక్క పెట్టుకున్నం. మీ గోడ లోపల మీరు నేర్చుకోండ్రి. డబ్బా, కనెక్టరు, మడత, తడి, అన్నీ. ఎవనికోసం ఎదురుచూడొద్దు. గోడ బయట తప్పు యాడున్నదో కనిపెట్టండ్రి, ఫొటో తీయండ్రి, తారీఖు వెయ్యండ్రి, కంప్లైంటుల ఆ చోటు రాయండ్రి. బాగుచేసే బాధ్యత మటుకు కంపెనీదే. గత్యంతరం లేక, మా లెక్క పదకొండు రోజులు చూసి చేయాల్సి వస్తే, ప్రతి రూపాయికి రశీదు పెట్టి కంపెనీకి బిల్లు పంపండ్రి. మేం పంపినం. 2,600కు. ఇయ్యలె. కానీ అప్పీలు కాగితాలల్ల ఆ బిల్లు కూడ ఉన్నది, 'మేం పదో రోజే బాగుచేసినం' అని వాళ్లు రాసిన అబద్ధం దానితోటే కూలిపోయింది.

స్తంభం మాత్రం ఎక్కొద్దు. ఈ మాట విద్యార్థి తమ్ముళ్లకు ప్రత్యేకంగ చెప్తున్నం. మన పట్నంల ఫోను తీగలు, టీవీ తీగలు, నెట్ తీగలు అన్నీ కరెంటు స్తంభాలకే వేలాడుతున్నయి. ఏ తీగ ఏ తీగకు తగిలి ఉన్నదో కింద నిలబడితే తెల్వదు. 2025 ఆగస్టుల రామంతాపూర్‌ల కృష్ణాష్టమి రథం ఊరేగింపుల కరెంటు షాక్ తగిలి ఐదుగురు చనిపోయిన్రు. ఆ తర్వాత కరెంటోళ్లు స్తంభాల మీది కేబుళ్లు ఎక్కడికక్కడ కోసేసిన్రు. ఎన్నో కాలనీలల్ల నెట్ బందైంది. ఇన్నేండ్లు ఆ తీగలు అట్ల వేలాడుతుంటే చూసుకుంట ఊకున్నదెవలు, మనుషులు పోయినంక కత్తెర పట్టుకున్నదెవలు అన్నది వేరే సభల మాట్లాడుకోవాలె. ఈడ మేం చెప్పేది, ఆ తెగిన తీగలు మళ్ల కట్టేతందుకు స్తంభాలెక్కిన పిల్లల గురించి. చేతికి గ్లౌజు లేదు, నడుముకు బెల్టు లేదు, నెత్తిన టోపీ లేదు. కంప్లైంటుకు ఇంత అని కూలి. కింద పడితే ఏ కంపెనీ మనిషో చెప్పుకునే కాగితం లేదు. మనం కాల్ సెంటర్ మీది కోపమంత ఆ పిల్లగాని మీద చూపిస్తం. వాడొస్తే తిట్టకండ్రి. మంచినీళ్లు ఇయ్యండ్రి, నీకు బెల్టెందుకు ఇయ్యలె తమ్మీ అని అడుగుండ్రి, అది కూడ కంప్లైంటుల రాయండ్రి. మేం రాసినం.

తవ్వేటోళ్ల గురించి ఒక్క మాట. దేశం మొత్తంల తవ్వకాలతోటి ఏటా సుమారు 10 లక్షల చోట్ల గాజు కేబులు తెగుతున్నదని, 3,000 కోట్ల నష్టమని కేంద్ర సర్కారే చెప్పింది. తవ్వే ముందు కేబులు ఎవలదో తెలుసుకొని వాళ్లకు చెప్పాలని 2023 మార్చిల ఒక యాప్ కూడ పెట్టిన్రు. కాల్ బిఫోర్ యు డిగ్ అని పేరు. జేసీబీ మీ గల్లీలకు వచ్చినప్పుడు కాంట్రాక్టరును, 'యాప్‌ల చెప్పినవా?' అని అడుగుండ్రి. మొన్న మేం అడిగితే ఆయన ముఖం చూడాల్సి ఉండె. కానీ అరగంట పని ఆపి ఎవలికో ఫోన్ చేసిండు. ఆ దినం మా లైను తెగలె.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇదే హాలుల మా గల్లీ లైన్మన్ బాపు, కేబుల్ టీవీ తమ్ముడు ఇద్దరూ వస్తున్నరు. బాపు రాగి చూపిస్తడు, తమ్ముడు గాజు చూపిస్తడు. మిషన్ తెస్తనన్నడు. మీరు రాంగ పోయిన మూడు నెలల బిల్లులు, మీ దగ్గరున్న కంప్లైంటు నంబర్లు తెచ్చుకోండ్రి. అప్పీలు ఎట్ల రాయాలో వకీలన్న చెప్తడు. ఒప్పుకున్నట్టేనా అన్నా? తల ఊపిండు, అందరూ చూసిన్రు.

ఇగ ఎవలకన్న ఏమన్న అడిగేదుంటే అడుగుండ్రి.